చెరువు ఒడ్డున ఉడుకు నీళ్లు, సౌనా: జనవరి పొద్దున మేం పోయొచ్చిన తీరు

మేం పోయిన రిసార్టులో స్పాకు, అంటే ఉడుకు నీళ్ల తొట్టికీ, సౌనా అనే వేడి గదికీ కలిపి, రోజుకు నాలుగు స్లాట్లు. పొద్దున ఆరున్నర, పదకొండు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఆరు. ఎవరు ఫోన్ చేసినా ముందు మూడు గంటలదే అంటగడతారు. "మేడం, అప్పుడు చెరువు మీద ఎండ వడి ఫొటోలు మస్తు వస్తయి" అంటారు. మీరు మాత్రం ఆరున్నరదే అడగండి. అదీ డిసెంబర్, జనవరిలోనే పోండి. ఎందుకో కింద రాస్తాను.

ములుగు జిల్లా అడవిలో, కాకతీయుల నాటి ఒక చెరువు ఒడ్డున ఉంది ఆ రిసార్టు. పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, తిట్టుకున్నవీ ఉన్నాయి. రెండూ వాళ్ల ముఖం మీదే చెప్పి వచ్చాం.

మమ్మల్ని దీంట్లోకి దింపింది మా చెల్లె కొడుకు. వాడు ఫిన్లాండ్‌లో టాంపెరేలో చదువుకుంటున్నాడు. అక్కడ సరస్సు ఒడ్డున సౌనాలో చెమటలు పట్టించుకొని, బయటికొచ్చి, గడ్డకట్టిన సరస్సులో మంచు కోసి చేసిన గుంతలోకి దిగి మళ్లీ సౌనాలోకి ఉరుకుతారట. ఆ వీడియో చూసినప్పటి నుంచీ చెల్లెకు అదే రంధి. "అక్కా, మన దిక్కు కూడ పెట్టిన్రట. నీ మోకాళ్లకు మంచిగైతది" అని నన్ను ముందు పెట్టింది. ఆమె ఆఫీసులో ఒకావిడ డిసెంబర్ మొదట్లోనే మూడు గంటల స్లాటుకు పోయొచ్చి, "ఏమున్నదే, చెమటే గదా" అన్నదట. ఆ మాట విన్నాకే మేం పొద్దటిది పట్టుబట్టి అడిగాం.

డిసెంబర్ 20న ఫోన్ చేస్తే సంక్రాంతి సెలవులన్నీ అప్పటికే నిండిపోయాయి. జనవరి 7, బుధవారం దొరికింది. మనిషికి 2,200 రూపాయలు, రెండు గంటలు, జీఎస్టీ వేరే. తొట్టి మొత్తం మనకే కావాలంటే తక్కువలో తక్కువ నలుగురుండాలి. కాబట్టి నేను, మా ఆయన, చెల్లె, మరిది. సగం డబ్బులు ఫోన్‌పేలో పంపితే, బుకింగ్ ఖాయమైనట్టు వాట్సాప్‌లో జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అక్కడ సిగ్నల్ లేదు, గేటు దగ్గర కాపలా అతను కాగితమో ఫొటోనో చూపిస్తే తప్ప లోపలికి వదలడు.

ఆ మెసేజ్ కిందే ఒక చిన్న జాబితా వచ్చింది. నూలు బట్టలు వద్దు, చీర, చున్నీ వద్దు, నైలాన్ కాస్ట్యూమ్ తప్పనిసరి. నూలు పోగులు ఊడి నీళ్లు వడగట్టే యంత్రంలో ఇరుక్కుంటాయట. నాకు 55 ఏళ్లు. జీవితంలో కాస్ట్యూమ్ వేసుకున్నదాన్ని కాదు. హనుమకొండ చౌరస్తా దగ్గర దుకాణాలన్నీ తిరిగితే, చేతులూ కాళ్లూ మొత్తం కప్పే రకం ఒకచోట దొరికింది. నాది 1,350, చెల్లెది 1,100. దుకాణంలో పిల్లవాడు "ఎవరికమ్మా, పాపకా?" అని అడిగితే చెల్లె తడుముకోకుండా "ఔ, పాపకే, సైజు పెద్దది చూడు" అన్నది. మగవాళ్ల నిక్కర్లకు తలా నాలుగొందలు. రిసార్టులోనూ అమ్ముతారు గానీ పొట్టివే ఉన్నాయి, ధర కూడా ఎక్కువ. ఇంట్లోంచే తీసుకుపోండి.

పొద్దున నాలుగింటికి హనుమకొండలో బయలుదేరాం. మామూలుగా గంటన్నర దారి. జనవరి ఆఖర్లో మేడారం జాతర, పైగా బుధవారం, అందుకని ఆ చీకట్లోనూ ముందస్తు మొక్కుల బండ్లు రోడ్డు నిండా ఉన్నాయి. ఆత్మకూరు దాటాక పొగమంచు. గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టకుండా మా ఆయన బండి ముందుకు పోనివ్వరు. అక్కడే ఇరవై నిమిషాలు పోయాయి. ఆరుంబావుకు గేటు దగ్గరున్నాం. సిగ్నల్ పోయే ముందు ఫోన్‌లో 11 డిగ్రీలు చూపించింది, అడవిలో ఇంకా తక్కువే ఉండుంటుంది.

తీరా చూస్తే సౌనా ఇంకా వేడెక్కలేదు. రాత్రి కరెంటు పోయిందట. ఆ హీటరు రాళ్లు కాగడానికే గంట పడుతుంది. ఏడుంపావు దాకా శాలువాలు కప్పుకొని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఛాయ్ కూడా లేదు, వంటమనిషి ఎనిమిదింటికి గానీ రాడు. మరిది గట్టిగా అరిచాడు. ఆ పోయిన సమయం తర్వాత కలిపిచ్చారు కాబట్టి ఊరుకున్నాం. మీరు పోయేటప్పుడు ఫ్లాస్కులో ఛాయ్ తప్పకుండా పెట్టుకోండి.

ఆ గంటలో ఫారాలు నింపించారు. గుండె జబ్బు ఉందా, బీపీ ఉందా, షుగర్ ఉందా, పాదాలకు తిమ్మిరి ఉందా, గర్భవతా, రాత్రి మందు తాగారా. పాదాల సంగతి ఎందుకని అడిగితే, షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్లకు నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియక కాలుతుందన్నారు. మా ఆయన బీపీ గోలీ వేసుకుంటారు. "రాయకు, పంపియ్యరు" అని మరిది చెవిలో గొణిగాడు. ఆయన నలభై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన మనిషి, ఫారంలో అబద్ధం రాయరు. ఉన్నదున్నట్టు రాశారు. బీపీ చూసి, పంపించారు గానీ షరతులు పెట్టారు: కింది బల్ల మీదే కూర్చోవాలి, ఏడెనిమిది నిమిషాలే, చన్నీళ్ల తొట్టి వద్దు. ఉడుకులో రక్తనాళాలు సడలి బీపీ దిగుతుంది, చన్నీళ్లలో ఒక్కసారిగా ముడుచుకొని ఎగబాకుతుంది. గోలీ వేసుకునేవాళ్లకు ఆ ఎగుడుదిగుడే ప్రమాదం. పోయే ముందు మన డాక్టర్‌ను అడగడం ఇంకా మంచిది. మేం అడిగే పోయాం, ఆయనా అదే చెప్పారు.

ఆడవాళ్లకు ఇంకో రెండు పరీక్షలు. మొదటిది తల నూనె. నేను రాత్రే కొబ్బరినూనె రాసి జడ వేసుకున్నాను. అక్కడి అమ్మాయి, పక్క ఊరి పిల్లే, జడ పట్టుకొని చూసి "అమ్మా, షాంపూతోని కడుక్కొని రాండ్రి. నూనె నీళ్ల మీద తేలుతది" అన్నది. ఆ చలిలో తలస్నానం. గీజర్ ఉంది, కానీ బాత్‌రూమ్‌కు కిటికీ తలుపు సరిగా పడదు.

రెండోది బంగారం. సౌనాలో గాలి 80 డిగ్రీలు. గొలుసు, గాజులు, కమ్మలు ఏ లోహమైనా కాలి చర్మానికి చురక పెడుతుంది. చెల్లె కొడుకు ముందే చెప్పాడు కనుక మా అత్తమ్మ మా ఇద్దరికీ పసుపుకొమ్ము కట్టిన దారాలు ఇచ్చి పంపింది, పుస్తెలు తీసినంతసేపు మెడ బోసిగా ఉండొద్దని. సౌనా వరకు అది బాగానే పనికొచ్చింది. తొట్టి దగ్గరికి రాగానే ఆ పిల్ల మళ్లీ ఆపింది. పసుపు దిగితే నీళ్లు రంగు మారుతాయట! తొట్టిలో నీళ్లు 39 డిగ్రీలే కదా, అక్కడ బంగారం కాలదు. అట్లా సౌనాకు దారం, తొట్టికి పుస్తెలు, లాకరు దగ్గరికి తిరుగుడే తిరుగుడు. మట్టెలకు పాదాలు కింద పెట్టుకుంటే ఏమీ కాలేదు. బల్ల మీదికి కాళ్లు ముడుచుకోగానే చురుక్కుమంది. కళ్లద్దాలు కూడా బయటే పెట్టాలి.

సౌనా అంటే చెక్క గది. ఒక మూల కరెంటు హీటరు, దాని మీద గంపెడు నల్లరాళ్లు, పక్కన చెక్క బకెట్టు, పొడుగు పిడి గరిటె. చెరువు వైపు గోడంతా అద్దం. మెట్లలాగా రెండు బల్లలు, కింద తువ్వాలు పరచుకొని కూర్చోవాలి. తలుపు మూయగానే నా గుండె దడదడలాడింది. ముక్కులోకి పోయే గాలి మండింది. లేచి పోదామనే అనుకున్నాను. చెల్లె చెయ్యి పట్టుకొని "అక్కా, నోటితోని గాదు, ముక్కుతోనే మెల్లగ పీల్చు" అన్నది. రెండు మూడు నిమిషాలకు ఆ మంట దానంతటదే తగ్గింది.

కింది బల్ల మీద మా ఆయన పాఠం మొదలుపెట్టారు. ఎనభై డిగ్రీల నీళ్లు మీద పడితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది కదా, ఎనభై డిగ్రీల గాలిలో ఎట్లా కూర్చున్నాం? గాలి పొడిగా ఉంది గనుక చెమట వెంటనే ఆవిరై ఒంటిని చల్లబరుస్తుంది, పైగా నీళ్లంత వేగంగా గాలి వేడిని అందించలేదు. మరిది ఈ పాఠం వింటూ రాళ్ల మీద రెండు గరిటెలు నీళ్లు పోశాడు. చుయ్యిమని పొగ లేచి, చెవుల కొనలు కాలినట్టయింది. గోడ మీది థర్మామీటర్ ముల్లు మాత్రం కదల్లేదు. "చూసిన్రా, గాలిలో తేమ వెరిగింది, ఇగ చెమట ఆరది" అని ఆయన సంబరపడ్డారు. ఒక్క గరిటె చాలు. రెండోది పోసేటప్పుడు పక్కవాళ్లను అడగండి.

అయిదారు నిమిషాలకు చెమట మొదలైంది. బొట్లు బొట్లుగా కాదు, మోచేతుల నుంచి ధారగా. ఎనిమిది నిమిషాలకు మా ఆయన బయటికి పోయారు. మేం పన్నెండు దాకా ఉన్నాం. గోడకు ఇసుక గడియారం ఉంది, దాన్ని తిప్పి పెట్టుకోవాలి. ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు, ఆ వేడికి పాడైపోతుంది.

బయట అడుగుపెట్టాక జరిగింది మాత్రం నేను ఊహించలేదు. చలి తగల్లేదు. పదకొండు డిగ్రీల గాలిలో తడి బట్టలతో నిలబడితే నా చేతుల నుంచి, భుజాల నుంచి పొగలు లేస్తున్నాయి. చెల్లె నెత్తి మీద కూడా అంతే. చెరువు మీద మంచు, మా మీద ఆవిరి. ఒక నిమిషం ఇద్దరం ఒకళ్లనొకళ్లు చూసుకొని నవ్వుతూనే ఉన్నాం.

పక్కనే చన్నీళ్ల తొట్టి, నడుం లోతు. చెరువులోకి దిగనివ్వరు, లోతు ఎక్కువ. తొట్టి నీళ్లు కూడా బోరువే, రాత్రంతా బయట ఉండి గడ్డకట్టినంత చల్లగా ఉన్నాయి. ఆ పిల్ల "దిగేటప్పుడు ఊపిరి వదలుండ్రి, బిగవట్టకుండ్రి, నెత్తి ముంచకుండ్రి" అని పదే పదే చెప్పింది. దిగగానే ఊపిరి ఎగశ్వాసగా వచ్చేది నిజమే, అందుకే ఆ జాగ్రత్త. చెల్లె మెడ దాకా మునిగి పది లెక్కబెట్టింది. నేను మోకాళ్ల దాకా దిగి, చెంబుతో భుజాల మీద పోసుకున్నాను. మరిది దిగినంత వేగంగా బయటికి దూకాడు. ఆ కేక విని గట్టు మీది కోతులు అరిచాయి. మా ఆయన తడిగుడ్డతో ముఖం తుడుచుకొని కుర్చీలో కూర్చున్నారు, అంతే.

ఆ తర్వాత పావుగంట దుప్పటి కప్పుకొని వాలు కుర్చీలో పడుకోవాలి. దీన్ని చాలామంది వదిలేస్తారట, "పైసలు వెట్టి పండుడేంది" అని. నాకైతే ఇచ్చిన డబ్బంతా ఆ పావుగంటకే అనిపించింది. ఒంట్లో రక్తం ఎక్కడెక్కడ తిరుగుతోందో తెలుస్తోంది. అరికాళ్లు వెచ్చగా, ముఖం చల్లగా. నా కాన్పు తర్వాత అమ్మ కాగులో కాగిన నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టినప్పుడు వచ్చిన నిద్రలాంటిది వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఇది రాదు. జనవరిలో కూడా మన దగ్గర మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది. సౌనాలోంచి ఉక్కలోకి వస్తే చెమట మీద చెమటే. చెల్లె ఆఫీసులో ఆవిడ చెప్పింది నిజమే, ఆమె పోయిన వేళకు అంతే దొరుకుతుంది. వేడి వాళ్లు కరెంటుతో పుట్టిస్తారు, చలిని పుట్టించలేరు.

ఆ పావుగంటలోనే కోతి వచ్చి చెల్లె సంచీలోంచి నారింజ పండ్ల కవరు ఎత్తుకుపోయింది. తినేవి లాకర్లో పెట్టండి.

తర్వాత ఉడుకు నీళ్ల తొట్టి. ఆరుగురు పట్టే ఫైబర్ తొట్టి, చెరువు గట్టుకు పది అడుగుల దూరంలో. మూత తీయగానే ఆవిరి, దాంతోపాటు క్లోరిన్ వాసన. మేం దిగేముందు ఒకతను క్లోరిన్ సరిపోయిందా అని కాగితపు చీటీ ముంచి రంగు చూసుకున్నాడు. అది చూడకుండా ఎక్కడా దిగొద్దు, వెచ్చటి నీళ్లలో సూక్ష్మక్రిములు త్వరగా పెరుగుతాయి. బోర్డు మీద 39 ఉంది. నలభై దాటనివ్వరు. పైపుల నుంచి నీళ్లు వేగంగా వచ్చి వీపుకు, పిక్కలకు కొడుతుంటాయి. నా మోకాలి వెనక పైపు సరిగ్గా అమరేలా ముందుకు జరిగి కూర్చున్నాను. మెడ కింద వేడి, తల చుట్టూ చలి, ఎదురుగా నీళ్ల మీద కొంగలు. మరిది ఫొటోలు, ఫొటోలు అంటుంటే చెల్లె "మూసుకొని కూసో" అన్నది. ఆమె మొగుణ్ని అట్లా అనడం నేను మొదటిసారి విన్నాను.

పదిహేను నిమిషాలకు పైపులు వాటంతటవే ఆగిపోతాయి. లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి, ముందే చెప్పారు కాబట్టి కమ్మీ పట్టుకొని అంచు మీద కాసేపు కూర్చొని లేచాం. మళ్లీ సౌనా, మళ్లీ చలి, మళ్లీ వాలు కుర్చీ. రెండోసారి భయం లేదు, చెమట కూడా తొందరగా వచ్చింది. మూడోసారికి నేను పోలేదు, ఒళ్లు చాలన్నది.

తొమ్మిదిన్నరకు బయటపడ్డాం. ఆకలి అట్లా ఇట్లా కాదు. ఉప్మా ప్లేటు 180, ఉప్పు తక్కువ, అయినా ఇద్దరం రెండోసారి తెప్పించుకున్నాం. చెమట ఊడ్చుకుపోయింది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ ఇంటినుంచే సీసాలో తెచ్చుకున్నాం, అది ప్రాణం పోసింది.

డబ్బుల లెక్క: స్పాకు జీఎస్టీతో తొమ్మిది వేలు దాటింది. బట్టలు 3,250. పెట్రోలు, ఉప్మాలు కలిపి రెండు వేల పైన. మొత్తం పద్నాలుగు వేలు పడ్డాయి నలుగురికి. తువ్వాళ్లకు తలా అయిదొందలు డిపాజిట్ కట్టించుకున్నారు. అది వారంలో వస్తుందన్నారు, పది రోజుల తర్వాత రెండు ఫోన్లు చేస్తే వచ్చింది.

తిరుగు దారిలో రామప్ప చూడాలనుకున్నాం. ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని యునెస్కో గుర్తించింది 2020లో, మన రామప్పను 2021లో. "ఒక్కరోజే రెండూ జూసినోళ్లం మనమే అయితం" అని మా ఆయన ఊరించారు. జంగాలపల్లి క్రాసు దగ్గర చూస్తే వెనక సీట్లో చెల్లె నోరు తెరుచుకొని నిద్ర, నాకూ కళ్లు ఆగడం లేదు, ఆయన కూడా ఆవులిస్తున్నారు. బండి పక్కన ఆపి అందరం అరగంట పడుకున్నాం. రామప్ప పోలేదు. స్పా అయ్యాక ఇంకే కార్యక్రమమూ పెట్టుకోవద్దు, బండి నడిపే మనిషి తొట్టిలోకి దిగకుండా ఉంటే ఇంకా మంచిది.

ఆపిన చోట రోడ్డు పక్క పొలంలో యాసంగి నాట్లు వేస్తున్నారు. పది దాటినా ఎండ సరిగా రాలేదు. ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదలో వంగి ఉన్నారు. చెల్లె నిద్ర లేచి వాళ్లను చూసి, తన చేతిలోని కాస్ట్యూమ్ సంచీ సీటు కిందికి తోసింది. దాని గురించి ఎవరం మాట్లాడలేదు.

మోకాళ్ల సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఆ రోజంతా మెట్లు హాయిగా ఎక్కాను. మర్నాడు సాయంత్రానికి నొప్పి తన చోటికి తాను వచ్చింది. నిద్ర మాత్రం మూడు నాలుగు రాత్రులు బాగా పట్టింది.

ఇంటికొచ్చి చెబితే మా అత్తమ్మ నవ్వింది. ఆమెది ఆదిలాబాద్. వాళ్లు చిన్నప్పుడు చలికాలంలో పెన్‌గంగ ఒడ్డున ఉంకేశ్వరం పోయి, భూమిలోంచి వచ్చే గంధకం నీళ్లలో స్నానం చేసి శివుడికి దండం పెట్టుకొని వచ్చేవాళ్లట. "గా ఉడుకు నీళ్లకు పైసలు ఎవ్వలడిగిన్రు?" అన్నది. రెండు రోజులు పోయాక మెల్లగా నా దగ్గరికొచ్చి, "నన్ను గూడ తోల్కపోతరా?" అని అడిగింది. ఆమెకు 79. డాక్టర్ సౌనా వద్దన్నారు, తొట్టీ వద్దన్నారు, గోరువెచ్చటి నీళ్లలో పాదాలు పెట్టుకోవచ్చు అన్నారు. శివరాత్రితో చలి పోతుంది, ఆలోపే కావాలి. జాతర రద్దీ అయ్యాక ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ఆరున్నర స్లాటు ఖాళీ ఉందట. పాదాలకు మాత్రమే అయితే ఎంత తీసుకుంటారని వాట్సాప్‌లో అడిగాను. రెండు నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు ఇంకా రాలేదు.